అడుగుకు చోటిచ్చే నగరం

తెలుగు రాష్ట్రాల్లో నగర జీవితం గురించి జరిగే చర్చ చాలావరకు హైదరాబాద్ ట్రాఫిక్, విశాఖ విస్తరణ, అమరావతి నిర్మాణం చుట్టూనే తిరుగుతుండగా గుంటూరు, కాకినాడ, రాజమహేంద్రవరం, నెల్లూరు, కర్నూలు, తిరుపతి, వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం వంటి ఊళ్లు ఆ చర్చకు వెలుపలే ఉండిపోతున్నాయి. లక్ష, అంతకు మించిన జనాభా గల ఊళ్లను జనాభా లెక్కల్లో మొదటి తరగతి పట్టణాలంటారు. 2011 లెక్కల ప్రకారం దేశంలో అటువంటివి, పక్కపక్కనే పెరిగి ఒకటిగా కలిసిపోయిన పట్టణ సముదాయాలతో కలిపి, 468 ఉండగా, వాటిలో పది లక్షలు దాటినవి 53. మిగిలిన నాలుగు వందల పైచిలుకు ఊళ్లను స్థూలంగా మధ్యతరహా నగరాలనవచ్చు. పల్లె నుంచి చదువుకో వైద్యానికో పనికో వచ్చిన మనిషి మొదట అడుగుపెట్టేది సాధారణంగా ఇటువంటి ఊళ్లోనే కాబట్టి, ఆ అడుగుకు అక్కడ ఎంత చోటుందన్నది చిన్న ప్రశ్న కాదు.

మధ్యతరహా నగరానికున్న అతి పెద్ద ఆస్తి దాని పరిమాణమే. ఆరోగ్యంగా ఉన్న మనిషి మామూలు నడకలో నిమిషానికి 80 మీటర్ల చొప్పున పావుగంటలో కిలోమీటరు దాటి వెళ్లగలడు. రైల్వేస్టేషన్, బస్టాండు, కూరగాయల మార్కెట్టు, ప్రభుత్వాసుపత్రి, కళాశాలలు ఈ ఊళ్లలో చాలాచోట్ల రెండు మూడు కిలోమీటర్ల పరిధిలోనే ఇమిడి ఉంటాయి. వ్యవసాయం, కుటీర పరిశ్రమ కాక ఇతర పనులు చేసేవారు పనిచోటుకు ఎలా చేరుకుంటున్నారని 2011 జనాభా లెక్కల్లో అడిగినప్పుడు, దేశం మొత్తం మీద ఐదో వంతుకు పైగా నడిచి వెళ్తున్నామని, నూటికి పదమూడు మంది సైకిలు మీద వెళ్తున్నామని చెప్పగా, కారులో వెళ్లేవారు నూటికి ముగ్గురి లోపే తేలారు. ఆ తర్వాత మోటారు సైకిళ్లు ఎంత పెరిగినా, బస్సెక్కేవారూ ఆటో ఎక్కేవారూ కూడా ప్రయాణం మొదట్లోనూ చివర్లోనూ నడవక తప్పదు. అంటే ఈ ఊళ్లలో నడిచే మనుషులూ ఉన్నారు, నడవగల దూరాలూ ఉన్నాయి. కొరవడింది ఆ రెంటినీ కలిపే దారి. ఆ దారి తనంతట తాను పోలేదు, ఒక్కొక్క నిర్ణయంతో పోయింది కాబట్టి నిర్ణయాలతోనే తిరిగి తెచ్చుకోవచ్చునన్నది ఈ కథనం చెప్పదలచిన మాట.

పాత పేటల తీరు

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో వీధులు ఒకవైపు లైన్లుగా, మరోవైపు అడ్డరోడ్లుగా గళ్లుగళ్లుగా సాగుతాయి. చిరునామా చెప్పేవారు ‘నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు’ అంటారు. రాసేవారు 4/14 అని వేసి ఊరుకుంటారు. కొత్తగా వచ్చినవారు కూడా అంకెలు లెక్కపెట్టుకుంటూ ఎవరినీ అడగకుండా ఇల్లు చేరగలగడం ఈ అమరికలో కనిపించే సౌకర్యమైతే, పైకి కనిపించని గుణం మరొకటుంది. ఒక చోటి నుంచి మరో చోటికి ఇక్కడ ఒకటి కాక పదీ పదిహేను దారులుంటాయి; ఒక వీధిలో తవ్వకాలు జరుగుతుంటే పక్క లైనులోంచి పోవచ్చు, ఎండ ఒకవైపు కాస్తుంటే నీడ పడిన అడ్డరోడ్డు పట్టుకోవచ్చు, పెద్ద రోడ్డు మీది రద్దీని తాకకుండానే మందుల షాపుకీ ట్యూషన్‌కీ వెళ్లి రావచ్చు. ఇలా అన్ని వైపులా దారి వదిలే గుణాన్ని పట్టణ ప్రణాళికా శాస్త్రంలో పారగమ్యత అంటారు, అంటే ఊరు తనలోంచి మనిషిని ఎంత సులువుగా సాగనిస్తుందో చెప్పే కొలత.

కాకినాడలో మెయిన్‌రోడ్డు, సినిమారోడ్డుల చుట్టూ ఉన్న తిన్నని వీధుల్లోనూ ఈ గుణమే కనిపిస్తుంది. ఈ పేటల్లో ఇల్లు, కిరాణా కొట్టు, డాక్టరు గది, మెస్సు, జిరాక్సు షాపు, గుడి ఒకే వీధిలో కలగలిసి ఉండడాన్ని ఒకప్పటి ప్రణాళికా గ్రంథాలు అస్తవ్యస్తమని కొట్టిపారేశాయి. అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో వెలువరించిన గ్రంథంలో ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేసి, అన్ని పనులూ కలగలిసిన వీధిలో రోజంతా ఎవరో ఒకరు తిరుగుతూ, గుమ్మాల్లోంచి చూస్తూ ఉంటారు కాబట్టి పోలీసుల కంటే ముందు ఆ చూపులే వీధికి రక్షణ ఇస్తాయని వాదించారు. తెలుగు ఊళ్ల ఇళ్ల ముందరి అరుగులు తరతరాలుగా చేసిన పని అదే. అరుగు వీధికీ ఇంటికీ మధ్య ఉండి, ముసలివారికి కాలక్షేపాన్ని, దారిన పోయేవారికి కాసేపు కూర్చునే చోటునూ ఇచ్చేది. రోడ్ల వెడల్పు పనుల్లో మొదట కూలింది అవే.

వాహనాలకు తావులేని వీధి కూడా తెలుగువారికి కొత్త కాదు. ఆలయం చుట్టూ ఉండే మాడవీధులు ఉత్సవ విగ్రహం ఊరేగే వేగానికి, అంటే మోసేవారి నడక వేగానికి, తగినట్టు ఏర్పడ్డాయి; తిరుమల మాడవీధుల్లో నేటికీ చెప్పులు కూడా లేకుండా నడుస్తారు.

వీటికి భిన్నంగా బైపాస్ రోడ్డుకు అవతల వెలుస్తున్న లేఅవుట్లలో చాలావాటికి ఒకే ద్వారం ఉంటుంది. చుట్టూ ప్రహరీ ఉంటుంది. గోడకు అవతలివైపు ఇల్లు చూపుకు పది అడుగుల దూరమైనా, దాన్ని చేరడానికి ద్వారం దాకా వచ్చి, పెద్ద రోడ్డెక్కి, మరో ద్వారంలోంచి లోపలికి పోవాలి. లోపలి రోడ్లు చక్కగా ఉండవచ్చు. కానీ పాలప్యాకెట్టుకు కూడా బండి తీయవలసిన ఈ అమరిక ఒకసారి స్థిరపడితే వందేళ్లయినా మారదు కాబట్టి, లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే దశలోనే పక్క లేఅవుట్‌తో వీధులు కలవాలన్న నిబంధన పెట్టడం, ఇప్పటికే ఉన్న ప్రహరీల్లో మనిషి పట్టేంత సందు తెరిపించడం కార్పొరేషన్లు చేయగల పనుల్లో అతి చౌకైనవి.

కాలువ మీది బండలు

మధ్యతరహా నగరాల్లో ఫుట్‌పాత్ అని పిలుస్తున్నది చాలాచోట్ల పక్క కాలువకు వేసిన మూత మాత్రమే. రోడ్డు అంచున మురుగుకాలువ కట్టి, దాని మీద సిమెంటు పలకలు పరిచి, అదే కాలిబాట అనిపిస్తారు. పూడిక తీయడానికి పలక లేపిన మనిషి తీసిన మట్టిని దాని పక్కనే కుప్పపోస్తాడు. అది ఆరాక ఎత్తుకుపోవడానికి మరో బండి రావాలి. ఆ బండి వచ్చేలోగా వాన పడుతుంది. పలక తిరిగి సరిగ్గా కూర్చోదు. ఒక మూల లేచి, మరో మూల దిగి, అడుగు పడగానే టపటపలాడుతుంది. నాలుగడుగులు వేస్తే ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె వస్తుంది, ఆ తర్వాత బండి ఎక్కించుకోవడానికి దుకాణదారు పోయించుకున్న వాలు ర్యాంపు, ఆ ర్యాంపు దిగగానే వరుసగా నిలిపిన మోటారు సైకిళ్లు, వాటిని దాటితే ఎవరి పుట్టినరోజుకో కట్టిన ఫ్లెక్సీకి ఊతంగా పాతిన వాసం. ఇంత వెడల్పున ఫుట్‌పాత్ ఉందని రికార్డులో ఉంటుంది. నడిచే మనిషి మాత్రం రోడ్డు మీదే ఉంటాడు.

జాతీయ స్థాయిలో రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో పాదచారుల వసతులపై సవరించి ప్రచురించిన మార్గదర్శకాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. నివాస ప్రాంతాల్లో సైతం ఏ అడ్డూ లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే ఎదురెదురుగా వచ్చే రెండు చక్రాల కుర్చీలు ఒరుసుకోకుండా పోగలిగినంత, ఉండాలి. రోడ్డు కంటే ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదు. మించితే ఏమవుతుందో ఈ ఊళ్లలో ప్రతి వీధిలోనూ చూడవచ్చు. మోటారు సైకిళ్లు ఎక్కకూడదన్న ఉద్దేశంతో అడుగు, అడుగున్నర ఎత్తున కట్టిన కాలిబాటను మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు, గర్భిణులు, సంచి మోసేవారు ఎక్కలేక వదిలేస్తారు. ప్రతి గేటు దగ్గరా దిగి మళ్లీ ఎక్కవలసిన కాలిబాట కంటే మట్టి అంచే నయమని వారు అనుకోవడంలో తప్పేమీ లేదు. దుకాణం ముందు కొద్దిపాటి చోటు, నడవడానికి మధ్య భాగం, రోడ్డు వైపు చెట్లకూ స్తంభాలకూ బెంచీలకూ తోపుడు బండ్లకూ ఒక పట్టీ అని మూడు భాగాలుగా ఫుట్‌పాత్‌ను విభజించుకోవాలని ఆ మార్గదర్శకాలు చెబుతాయి. మధ్య భాగం ఎక్కడా తెగకుండా ఒకే మట్టంలో సాగితే మిగిలిన రెండూ కాస్త అటూ ఇటూ అయినా నడక సాగుతుంది. వెడల్పు కంటే కొనసాగింపు ముఖ్యం. వంద మీటర్లలో మూడు చోట్ల తెగిన నాలుగు మీటర్ల ఫుట్‌పాత్ కంటే చివరంటా తెగని రెండు మీటర్ల ఫుట్‌పాత్ ఎన్నో రెట్లు మేలు.

ఇన్ని తెలిసీ జరగకపోవడానికి డబ్బు కొరత కంటే అధికారం చీలిపోయి ఉండడమే పెద్ద కారణం. ఒకే వీధిలో రోడ్డు రోడ్లు భవనాల శాఖది కావచ్చు, కాలువ నగరపాలక సంస్థది, ట్రాన్స్‌ఫార్మరు విద్యుత్ పంపిణీ సంస్థది, పార్కింగు పర్యవేక్షణ ట్రాఫిక్ పోలీసులది, తవ్విపోసే కేబుల్ మరెవరిదో. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ రోడ్లు, వంతెనలు, పట్టణ ప్రణాళిక, వీధి దీపాలు, బస్‌స్టాపులతో సహా 18 అంశాలను పురపాలక సంస్థలకు అప్పగించవచ్చునని పన్నెండో షెడ్యూలులో చేర్చింది. మూడు దశాబ్దాల తర్వాత కూడా నడిచేవాడి దారికి జవాబుదారీ అయిన అధికారి ఒక్కరంటే ఒక్కరు చాలా నగరాల్లో కనిపించరు.

విస్తరణ అనే మందు

రద్దీ పెరిగిందంటే రోడ్డు వెడల్పు చేయాలన్నది అందరి నోటా వచ్చే మొదటి మాట. రోడ్డు వెడల్పయ్యాక ప్రయాణం సులువవుతుంది; సులువైందని మరికొంతమంది బండి తీస్తారు; కొన్నేళ్లలో రద్దీ మళ్లీ పాత స్థితికి చేరుతుంది. రవాణా శాస్త్రంలో దీన్ని ప్రేరిత రద్దీ అంటారు, అంటే కల్పించిన సౌకర్యమే పుట్టించిన రద్దీ. ఈలోగా వీధి మాత్రం చెట్లను, అరుగులను, ఫుట్‌పాత్‌ను కోల్పోతుంది. 1914లో భారతదేశానికి వచ్చి అనేక పట్టణాలపై నివేదికలు రాసిన స్కాట్లాండ్ ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్, పాత పేటలను కూల్చి తిన్నని రోడ్లు వేయాలన్న నాటి ఇంజినీర్ల ఆలోచనను గట్టిగా వ్యతిరేకించి, కూలిపోతున్న ఇల్లు ఉన్నచోట చిన్న ఖాళీ చేసి, ఒక చెట్టు నాటి, ఇరుకైన మలుపును సవరించి ఊరుకోవాలని సూచించారు. ఊరిని తక్కువ గాయంతో బాగుచేసే ఈ పద్ధతికి ఆయన సంరక్షక శస్త్రచికిత్స అని పేరు పెట్టారు. ఆయన మాట నాడు పెద్దగా చెల్లకపోయినా, ఈ ఊళ్లకు ఇవాళ్టికీ అంతకంటే తగిన సలహా లేదు.

వెడల్పాటి, తిన్నని రోడ్డు వేగాన్ని ఆహ్వానిస్తుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. వాహనాల సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనుషులూ వాహనాలూ కలిసి మసలే వీధుల్లో వేగం గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ మంత్రుల సదస్సు ప్రకటించింది. బోర్డు పెడితే వేగం తగ్గదు. మలుపు దగ్గర రోడ్డు అంచును ముందుకు జరిపి మలుపును బిగించడం, ఫుట్‌పాత్ మట్టానికి ఎత్తిన వెడల్పాటి జీబ్రా దారిని రోడ్డుకు అడ్డంగా కట్టడం, సిగ్నల్ పడినా ఎడమవైపు వాహనాలు ఆగకుండా తిరిగిపోయే ‘ఫ్రీ లెఫ్ట్’ను బడులు, ఆసుపత్రులు ఉన్న సెంటర్లలో ఎత్తివేయడం వల్ల తగ్గుతుంది. సిగ్నల్ సమయాన్ని సాధారణంగా మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని లెక్కగడతారు. ఆ లెక్కన 14 మీటర్ల రోడ్డు దాటడానికి 12 సెకన్లు చాలు. కర్ర పట్టుకుని సెకనుకు 0.8 మీటర్లు నడిచే పెద్దావిడకు దాదాపు 18 సెకన్లు కావాలి. ఆ ఆరు సెకన్లు ఇవ్వని సెంటర్లో ఆమె సగం దూరంలో వాహనాల మధ్య నిలబడిపోతుంది, లేదా అసలు ఇల్లు కదలడమే మానుకుంటుంది. పైవంతెన కట్టి మెట్లెక్కమని చెప్పడం ఆమెకు దారి చూపడం అనిపించుకోదు.

ఒక చిన్న ఊరు చేసిన పని

స్పెయిన్ వాయవ్యాన గలీసియా ప్రాంతంలో దాదాపు 83,000 జనాభా గల పొంతెవెద్రా అనే ఊరు, వైశాల్యంలో గానీ ఆదాయంలో గానీ మన నగరాలతో సరిపోలకపోయినా, ఈ విషయంలో తప్పక చూడదగినది. 1990ల చివరికి ఆ ఊరి మధ్యలోని ఒక్క వీధిలోంచే రోజుకు 14,000 కార్లు పోయేవి. పాత పేట పాడుబడి, వ్యాపారం మందగించి, జనం ఖాళీ చేసి వెళ్తుండేవారు. 1999లో మేయరుగా ఎన్నికైన వైద్యుడు మిగెల్ అన్షో ఫెర్నాందెస్ లోరెస్, కారు కొనుక్కున్నంత మాత్రాన ఊరందరి చోటును ఆక్రమించే హక్కు రాదన్న వాదనతో, పదవి చేపట్టిన కొద్ది వారాల్లోనే దాదాపు మూడు లక్షల చదరపు మీటర్ల పాత పేటను పాదచారులకు వదిలేశారు. ఊరి మధ్య వీధి పార్కింగును తొలగించి, శివార్లలో ఉచితంగా నిలుపుకునే చోట్లు ఏర్పాటు చేశారు. సిగ్నళ్లు తీసేసి, రోడ్డునూ ఫుట్‌పాత్‌నూ ఒకే మట్టంలోకి తెచ్చి రాతి పలకలు పరిచారు. శివార్లలో భారీ షాపింగ్ మాల్స్‌కు అనుమతి ఇవ్వలేదు.

అక్కడ పార్కింగు నిషేధం కంటే ఎక్కువగా ఆకట్టుకునేది ఒక కాగితం. రైలు మార్గాల పటం తరహాలో ఊళ్లోని ముఖ్యమైన చోట్లను రంగు గీతలతో కలిపి, ఏ చోటి నుంచి ఏ చోటికి నడిచి వెళ్లడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో వేసి ‘మెట్రోమినుతో’ అన్న పేరుతో పంచారు. చాలా దూరమనుకున్న మార్కెట్టు ఎనిమిది నిమిషాలే అని తెలిసినప్పుడు మనిషి తాళంచెవి తీయడానికి ముందు ఆలోచిస్తాడు. 1996–2006 మధ్య పదేళ్లలో 30 మంది రోడ్డు ప్రమాదాల్లో మరణించిన అవే వీధుల్లో ఆ తరువాతి పదేళ్లలో చనిపోయినవారు ముగ్గురు. ఊరి మధ్య భాగానికి దాదాపు 12,000 మంది కొత్తగా వచ్చి చేరారు. పిల్లలు పెద్దల తోడు లేకుండా బడికి నడిచి వెళ్తున్నారు.

ఇంత పూర్తిగా చేయడానికి రెండున్నర దశాబ్దాల పాటు ఒకే మేయరు కొనసాగడం అక్కడ కలిసొచ్చింది. మన నగరాల్లో కమిషనర్లు తరచూ బదిలీ అవుతుంటారు, పాలకవర్గం గడువు ముగిశాక ఎన్నికలు లేకుండా ప్రత్యేకాధికారుల పాలనలో ఏళ్లు గడిచిపోతుంటాయి. అయినా దేశంలో అసలే జరగలేదని కాదు. సిక్కిం రాజధాని గ్యాంగ్‌టాక్‌లో ప్రధాన బజారు అయిన మహాత్మాగాంధీ మార్గ్‌లో వాహనాలు తిరగవు. రెండు పక్కలా దుకాణాలు, మధ్యలో పూలమొక్కలు, బెంచీలు. కొండ ఊరిలో చోటు ఎంత విలువైనదో ఆలోచిస్తే ఆ నిర్ణయం బరువు తెలుస్తుంది.

తోపుడు బండికి చోటు

ఫుట్‌పాత్‌లను బాగుచేయడమంటే చిరువ్యాపారులను వెళ్లగొట్టడమేనన్న అపోహ ఇటు అధికారుల్లోనూ అటు మధ్యతరగతిలోనూ బలంగా ఉంది. ఈ ఊళ్లలో సాయంత్రాలు వీధికి కళ తెచ్చేది మిరపకాయ బజ్జీల బండి, పూల బుట్ట, చెరుకు రసం యంత్రం, రాత్రి పది దాకా వెలిగే ఇడ్లీ బండి దీపం. ఆఖరి బస్సు దిగి ఇంటికి నడిచే ఆడపిల్లకు ఆ దీపం ఇచ్చే ధైర్యం ఖాళీ చేసిన నున్నటి ఫుట్‌పాత్ ఇవ్వలేదు. 2014 నాటి వీధి వ్యాపారుల జీవనోపాధి పరిరక్షణ చట్టం ప్రకారం ప్రతి ఊరిలోనూ పట్టణ విక్రయ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులు, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. అయిదేళ్లకోసారి సర్వే చేసి, జనాభాలో రెండున్నర శాతం దాకా వ్యాపారులకు చోటు చూపాలి. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదు. ఈ చట్టాన్ని అక్షరాలా అమలుచేసిన ఊళ్లో నడిచేవారికీ అమ్మేవారికీ తగవే ఉండదు, ఎందుకంటే రోడ్డు వైపు పట్టీలో బండి నిలిస్తే మధ్య భాగం నడకకు మిగులుతుంది.

తగవు నిజానికి నిలిపి ఉంచిన కారుతో. బహిరంగ పార్కింగులో ఒక కారుకు, అది తిరగడానికి కావలసిన చోటుతో కలిపి, ప్రణాళికాకారులు 23 చదరపు మీటర్లు లెక్కగడతారు. ఆ చోటులో అయిదారు కుటుంబాలు వ్యాపారం చేసుకుని బతకగలవు. రోజుకు ఎనిమిది గంటలు కదలకుండా ఉండే వాహనానికి ఊరి నడిబొడ్డున ఉచితంగా చోటిచ్చి, పొట్టకూటి కోసం నిలబడిన మనిషిని ఆక్రమణదారు అనడం న్యాయం కాదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు చోటును పంచేటప్పుడు వాహనాలను కాక మనుషులను లెక్కలోకి తీసుకోవాలని స్పష్టంగా చెప్పింది. 2025 మే 14న సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్‌ను పొందే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని, వాటిని దివ్యాంగులకు కూడా అనువుగా ఉంచాలని ప్రకటించి, మార్గదర్శకాలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది.

95 సెంటీమీటర్ల ఎత్తు నుంచి

ఆరోగ్యంగా ఎదిగిన మూడేళ్ల పిల్ల ఎత్తు దాదాపు 95 సెంటీమీటర్లు. ఆ ఎత్తు నుంచి చూస్తే వీధి ఎలా ఉంటుందన్న ప్రశ్నతో పసిపిల్లలకు అనువైన నగరాల కోసం నెదర్లాండ్స్‌కు చెందిన బెర్నార్డ్ వాన్ లీర్ ఫౌండేషన్ పనిచేస్తోంది. ఆ సంస్థ సహకారంతో కేంద్ర ప్రభుత్వ స్మార్ట్ సిటీస్ మిషన్ నిర్వహించిన పోటీలో 2022లో ఎంపికైన పది నగరాల్లో కాకినాడ, వరంగల్ రెండూ ఉండడం తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం. పిల్ల ఎత్తు నుంచి చూస్తే ఆగి ఉన్న మోటారు సైకిలు గోడలా అడ్డొస్తుంది; పొగగొట్టం ముఖానికి ఎదురుగా ఉంటుంది; మూతలేని కాలువ అంచు ఒక్క అడుగు దూరంలో ఉంటుంది; రోడ్డు దాటబోయే పిల్ల డ్రైవరుకు కనిపించదు. అంగన్‌వాడీ చుట్టూ రెండు వందల మీటర్ల దారిని ఈ చూపుతో సరిచేస్తే, ఆ దారి చక్రాల కుర్చీకీ, చేతికర్రకూ, కూరగాయల సంచికీ తనంతట తానే పనికొస్తుంది.

నీడ గురించి ఒక మాట విడిగా చెప్పుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, నంద్యాల, రెంటచింతల ఎండలు ఎరిగిన ప్రాంతంలో నీడ లేని ఫుట్‌పాత్ మధ్యాహ్నం ఉండీ లేనట్టే. వేప, కానుగ, నిద్రగన్నేరు వంటి చెట్లు నాలుగైదేళ్లు కాపాడితే దశాబ్దాల పాటు గొడుగు పడతాయి. వాటికి బదులు త్వరగా పచ్చబడుతుందన్న ఆశతో డివైడర్ల నిండా నాటిన కోనోకార్పస్ నడిచేవారికి నీడనివ్వదు. దాని దుష్ప్రభావాల దృష్ట్యా గుజరాత్ 2023లో ఆ మొక్క నాటడాన్నే నిషేధించింది. రోడ్డు మధ్యలో నాటిన చెట్టు వాహనాలకు అందం. అంచున నాటిన చెట్టు మనిషికి ఆశ్రయం. ఉద్యానవనాల బడ్జెట్టులో ఎక్కువ భాగం డివైడర్ల మీద పోతున్నప్పుడు ఈ తేడా చిన్నదని వదిలేయకూడదు.

మరుగుదొడ్డి, బెంచీ, తాగునీరు కూడా నడకలో భాగాలే. మార్కెట్టులో మూడు గంటలు గడపవలసిన మహిళ శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదని మంచినీళ్లు తాగడం మానుకునే ఊరిని ఆదరణ గల ఊరనలేము. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీశక్తి పథకం మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణాన్ని కల్పించాయి. టిక్కెట్టు ఖర్చు తగ్గినంత మాత్రాన బస్‌స్టాపు దాకా చీకటిలో, కాలువ అంచున నడవవలసిన భయం తగ్గదు. బస్‌స్టాపు చుట్టూ అయిదు వందల మీటర్ల దారికి దీపాలు, కాలిబాట సమకూర్చడం ఈ పథకాల్లో అంతర్భాగం కావలసింది.

నడకను వ్యాయామంగా మాత్రమే చూడడం కూడా ఈ నగరాల్లో పెరిగిన ఒక ధోరణి. వరంగల్ భద్రకాళి బండ్ వంటి చక్కటి నడక దారులు ఊళ్లకు అవసరమే, కానీ తెల్లవారుజామున బండి మీద బండ్ దాకా వెళ్లి, గంటసేపు నడిచి, మళ్లీ బండి మీదే ఇంటికొచ్చి, వీధి చివరి కిరాణాకు కూడా బండే తీసే జీవితం ఆరోగ్యానికి కొంత మేలు చేస్తుందేమో గానీ ఊరికి చేసేదేమీ లేదు. నడక ఊరికి ఉపయోగపడాలంటే అది పనిలోకి, బడిలోకి, బజారులోకి రావాలి.

పుష్కరాలకు ముందు

స్మార్ట్ సిటీస్ మిషన్ 2015 జూన్‌లో మొదలై 2025 మార్చితో ముగిసింది. ఆ పదేళ్లలో కాకినాడ, వరంగల్, తిరుపతి, కరీంనగర్‌లలో కొన్ని రోడ్లు, పార్కులు మెరుగుపడినా, ఎంపిక చేసిన కొద్ది మేరకే మిగిలిపోయిన పనులు ఊరంతటికీ పాకలేదు. ప్రత్యేక నిధి రావాలని ఎదురుచూడడం కంటే, ఏటా జరిగే మామూలు పనుల తీరును మార్చడమే దీర్ఘకాలంలో ఎక్కువ ఫలితమిస్తుంది. కాలువ మూతలు, సీసీ రోడ్లు, వీధి దీపాలు, మొక్కల పెంపకం అన్నీ ఇప్పటికే బడ్జెట్టులో ఉన్నవే.

దీనికి తగిన సందర్భం గోదావరి తీరాన రానే వచ్చింది. 2027 జూన్ చివర్లో మొదలయ్యే గోదావరి పుష్కరాల పన్నెండు రోజులూ రాజమహేంద్రవరంలో ఘాట్లకు దారితీసే వీధులు నడిచేవారితోనే నిండిపోతాయి. స్టేషన్ నుంచి, బస్టాండు నుంచి పిల్లలను చంకనెత్తుకుని, వృద్ధుల చెయ్యి పట్టుకుని కిలోమీటర్ల కొద్దీ నడిచే లక్షల మందికి దారి ఎంత ముఖ్యమో 2015 జూలై 14 ఉదయం పుష్కర ఘాట్ వద్ద జరిగిన తొక్కిసలాటలో పాతిక మందికి పైగా ప్రాణాలు కోల్పోయినప్పుడు ఊరు కళ్లారా చూసింది. పుష్కరాల పేరిట జరిగే పనులు సాధారణంగా రంగులు, తాత్కాలిక షెడ్లు, రోడ్డు పైపూతలతో సరిపోతాయి. ఆ పనుల్లోనే స్టేషన్ నుంచి గట్టు వరకు, గట్టు నుంచి కోటిపల్లి బస్టాండు వరకు తెగని కాలిబాటను చేర్చి, దాని ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని, పూడిక తీసిన పలకను అదే రోజు అదే మట్టంలో తిరిగి అమర్చే బాధ్యత గుత్తేదారుదేనని, అంచున నాటిన వేప, కానుగ మొక్కలకు మూడు వేసవుల పాటు నీళ్లు పోసిన తర్వాతే చివరి బిల్లు చెల్లించాలని టెండరు షరతుల్లో రాస్తే, పన్నెండు రోజుల యాత్రికుల కోసం వేసిన దారి ఆ తరువాతి పన్నెండేళ్లూ బడికెళ్లే పిల్లలకు, బజారుకెళ్లే పెద్దలకు ఉంటుంది.